డాక్టర్ సలహా: తెల్లవారకముందే లక్కీ లేపేస్తున్నాడు, నిద్ర చాలకే షుగర్ పెరుగుతోందా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. హనుమకొండలో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటాను. మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉన్నాడు, పేరు లక్కీ. మా మంచం మీద, నా కాళ్ల దగ్గరే పడుకుంటాడు. ఈమధ్య రోజూ తెల్లవారుజామున నాలుగింటికే నన్ను లేపేస్తున్నాడు. ముందు మంచం పక్కన నిలబడి మొహంలో మొహం పెట్టి చూస్తాడు. నేను కదలకపోతే తడి ముక్కు తెచ్చి చెవి వెనక ఆనిస్తాడు. తర్వాత దుప్పటి లాగుతాడు. అప్పటికీ లేవకపోతే నా చెప్పు తెచ్చి దిండు మీద పెడతాడు. చివరికి నా పొట్ట మీద ముందు కాళ్లు రెండూ ఆనించి పెద్దగా నిట్టూరుస్తాడు. పక్కనే ఉన్న మా ఆయన జోలికి మాత్రం పోడు. నవ్వొచ్చి లేచి, ఏదో ఒకటి పెట్టి మళ్లీ పడుకుంటాను కానీ నిద్ర పట్టదు. స్కూల్లో మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడుతున్నాయి. పరగడుపు షుగర్ 120 దగ్గర ఉండేది, ఇప్పుడు 150 దాటుతోంది. రెండు మూడుసార్లు లక్కీ రాత్రి రెండింటికే లేపాడు. అప్పుడు నాకు ఒళ్లంతా చెమటలు, గుండె దడ. ఉలిక్కిపడి లేచినందుకేమో అనుకున్నాను. కుక్క నాకితే రోగాలొస్తాయని మా అత్తగారు, రాత్రిళ్లు డాబా మీద కట్టేద్దామని మా ఆయన అంటున్నారు. నాకేమో వాణ్ని వదిలి ఉండటం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, లక్కీ చేష్టలు చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది. కానీ మీరు తేలిగ్గా రాసేసిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. రాత్రి రెండింటికి చెమటలు, గుండె దడ. ముందు దాని సంగతి చూద్దాం, లక్కీ సంగతి తర్వాత.

గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. బరువు తగ్గాలనో, షుగర్ పెరిగిందన్న భయంతోనో రాత్రి ఒకటి రెండు పుల్కాలతో సరిపెట్టి మాత్ర మాత్రం పూర్తిగా వేసుకునేవారిని మా క్లినిక్‌లో తరచూ చూస్తుంటాను. అలాంటివారికి అర్ధరాత్రి దాటాక షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, దడ, వణుకు, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి... ఇవన్నీ లో షుగర్ లక్షణాలే. మీకు వచ్చింది అదేనని చూడకుండా చెప్పలేను. కానీ కాదని తేలేవరకు అదే అనుకుని జాగ్రత్తపడాలి.

గ్లూకోమీటర్ మంచం పక్కనే పెట్టుకోండి. ఈసారి చెమటలతో మెలకువ వస్తే లక్కీని పలకరించే ముందు వేలు గుచ్చి చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ తాగండి. దాటాక రెండు బిస్కెట్లో, గ్లాసు పాలో తీసుకోండి. గ్లిమిపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది కాబట్టి పంచదార నీళ్లతో ఆపేస్తే మళ్లీ పడిపోవచ్చు. మర్నాడే మీ డాక్టర్‌తో మాట్లాడండి. చేతికి అంటించుకునే సెన్సర్ రెండు వారాలు పెట్టుకుంటే రాత్రంతా షుగర్ ఎలా ఉంటోందో కనబడుతుంది, వేలు గుచ్చుకోవడం కోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ముఖ్యంగా, పరగడుపు షుగర్ పెరిగిందని మాత్ర డోసు పెంచుకోవద్దు. రాత్రి షుగర్ పడిపోతున్నవారికి డోసు పెంచితే ప్రమాదం. మీ అంతట మీరు మానేయడం కూడా వద్దు.

లక్కీకి ఇది తెలిసే లేపాడా అని మీరు అడగలేదు గానీ, మీ మనసులో ఆ ప్రశ్న ఉండే ఉంటుంది. షుగర్ పడిపోయినప్పుడు మనిషి ఊపిరిలో ఐసోప్రీన్ అనే వాయువు పెరుగుతుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు టైప్ 1 షుగర్ ఉన్న ఎనిమిదిమంది మహిళల్లో చూశారు. కుక్కలు ఆ వాసనను పసిగడుతుండవచ్చని వారి అభిప్రాయం. ఇందుకోసమే శిక్షణ ఇచ్చిన కుక్కలు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఉన్నాయి. లక్కీకి ఆ శిక్షణ లేదు. మీరు నిద్రలో అటూ ఇటూ దొర్లుతుంటే వాడికి మెలకువ వచ్చి ఉండొచ్చు. కాబట్టి వాడు లేపితే మీటర్ చూసుకోండి. అంతేగానీ లేపలేదు కదా అని ధీమాగా ఉండకండి.

ఇక రోజూ నాలుగింటి గొడవ. మనం రాత్రి ఒక్క విడతగా పడుకుంటాం. కుక్కలు అలా కాదు, కాసేపు పడుకుని లేచి, చుట్టూ చూసి మళ్లీ పడుకుంటాయి. తెల్లవారుజామున సహజంగానే చురుగ్గా ఉంటాయి. ఆ వేళకు పాలవాళ్ల బండి, పేపర్ బాయ్ సైకిల్, గుడి మైకులో సుప్రభాతం మన చెవిన పడకముందే వాటికి వినిపిస్తాయి. అందుకే లక్కీకి మెలకువ వస్తుంది. అందులో వాడి తప్పేం లేదు.

మెలకువ వచ్చాక వాడు చేసేదే చూడముచ్చటగా ఉంటుంది. ముందు మొహంలో మొహం పెట్టి చూస్తాడన్నారు కదా, వాడు మీ కళ్లు తెరుచుకున్నాయా లేదా అని చూస్తున్నాడు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవారు 2003లో ఒక ప్రయోగం చేశారు. తినొద్దని చెప్పిన తిండిని ఎదురుగా పెడితే, మనిషి కళ్లు తెరిచి చూస్తున్నప్పటికంటే కళ్లు మూసుకున్నప్పుడు కుక్కలు ఎక్కువగా తినేశాయి. అంటే మన కళ్లు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో వాటికి బాగా తెలుసు. మీరు కన్ను సగం తెరిచి చూస్తే చాలు, వాడి తోక మంచానికి కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ చూపులో ప్రేమ కూడా ఉంది. కుక్క, దాని యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు చూపించారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోన్ అదే. కాబట్టి వాణ్ని చూసి మీరు లేచి కూర్చోవడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు.

చూపు పనిచేయకపోతే ముక్కు, ముక్కు పనిచేయకపోతే దుప్పటి, తర్వాత చెప్పు, చివరికి పొట్ట మీద కాళ్లు. ఈ వరస వాడు మీ దగ్గరే నేర్చుకున్నాడమ్మా. ఏ పనికి మీరు లేచారో గుర్తుపెట్టుకున్నాడు. చెప్పు తెచ్చినప్పుడు ఒకసారి నవ్వి ఉంటారు, ఆ నవ్వే వాడికి బహుమతి. మీ ఆయన జోలికి పోకపోవడానికి కారణమూ అదే, ఆయన ఎప్పుడూ లేచి ఉండరు. పైగా మీరు లేచి ఏదో ఒకటి పెడుతున్నారు. లాబ్రడార్లకు మామూలుగానే ఆకలి ఎక్కువ. వాటిలో సుమారు నాలుగో వంతు కుక్కలకు కడుపు నిండిన సంగతి మెదడుకు సరిగా తెలియనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులే కనుగొన్నారు. అలాంటి జాతి కుక్కకు నాలుగింటికి బిస్కెట్ దొరుకుతుందని తెలిస్తే రేపు మూడున్నరకే వస్తుంది.

కొందరు నాలుగు రోజులు ఓపిక పట్టి, ఐదో రోజు తట్టుకోలేక లేస్తారు. అన్నింటికంటే చెడ్డ పద్ధతి ఇదే. రోజూ దొరికేదానికంటే ఎప్పుడో ఒకసారి దొరికేదానికోసం జంతువు ఎక్కువసేపు పట్టుబడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఏనాడో చూపించారు. చెరువు గట్టున గాలం వేసినవాడు చేప పడకపోయినా సాయంత్రం దాకా కూర్చుంటాడు కదా, లక్కీ కూడా అంతే.

కాబట్టి ఇలా చేయండి. నాలుగింటికి వాడు లేపితే మీటర్ చూసుకోండి గానీ వాడివైపు చూడొద్దు, మాట్లాడొద్దు, కోప్పడొద్దు కూడా. తిట్టినా వాడికి అది పలకరింపే. అలారంను మూడుంముప్పావుకు పెట్టుకోండి, అంటే వాడు లేపకముందే. అలారం మోగాకే లేచి, వాణ్ని బయటకు తీసుకెళ్లండి. తిండి మాత్రం అరగంట ఆగి పెట్టండి. నిద్రలేపేది తను కాదు, ఆ గంట అని వాడికి అర్థమయ్యాక మూడు రోజులకోసారి అలారంను పది నిమిషాలు ఆలస్యంగా మోగేలా పెట్టండి. నెలా నెలన్నరలో ఐదున్నరకు వస్తారు. మొదటి వారం వాడి అల్లరి తగ్గకపోగా పెరుగుతుంది. మొరుగుతాడు, దుప్పటి మొత్తం లాగేస్తాడు. ఫలించడం లేదనుకుని అక్కడే ఆపేయకండి, పాత పద్ధతి పనిచేయక వాడు చేసే చివరి ప్రయత్నం అది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అత్తగారు జాలిపడి బిస్కెట్ వేస్తే మొదటికొస్తుంది.

సాయంత్రం నడకను బాగా పెంచండి. పట్టీ పట్టుకుని గబగబా తిప్పి తెచ్చేయడం కాదు, వాడు ఆగిన ప్రతిచోటా వాసన చూసుకోనివ్వండి. ముక్కుతో చేసే పని కుక్కను బాగా అలసిపోయేలా చేస్తుంది. పడుకునే ముందు ఒకసారి ఒంటికి రెంటికి బయటకు తీసుకెళ్లండి. వాడు ఈమధ్యే ఇలా మొదలుపెట్టాడన్నారు కాబట్టి పశువైద్యుడికి ఒకసారి చూపించడం అవసరం. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా, మూత్రం ఎక్కువ పోతున్నాడా, పరగడుపున పచ్చగా వాంతి చేసుకుంటున్నాడా, ఒళ్లు గీరుకుంటున్నాడా గమనించి ఆయనకు చెప్పండి.

నిద్ర చాలకే షుగర్ పెరిగిందా అన్నారు. అది ఒక కారణం కావచ్చు. 1999లో చికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను ఆరు రాత్రుల పాటు నాలుగు గంటలే పడుకోనిస్తే, వాళ్ల శరీరం షుగర్‌ను అదుపు చేసే శక్తి బాగా తగ్గింది. కుర్రాళ్లకే అలా ఉంటే మనకు వేరే చెప్పాలా? పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే వస్తుంది, మీరు పోగొట్టుకుంటున్నది ఆ భాగాన్నే. నాలుగింటికి లేవాల్సినన్ని రోజులు ఎనిమిదిన్నరకల్లా పడుకోండి, ఆ టైంకి సీరియల్ ఉన్నా సరే.

ఇక నాకడం. అత్తగారి భయాన్ని కొట్టిపారేయను. లక్కీకి రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నారా, కార్డు తీసి చూడండి. నట్టల మందు మూడు నెలలకోసారి ఇవ్వాలి, గోమార్లు లేకుండా చూసుకోవాలి. గాయం లేని చర్మం మీద నాకితే సబ్బుతో కడుక్కుంటే చాలు. పెదవులు, కళ్లు, ముక్కు, తెగిన చోట నాకనివ్వొద్దు. పుండు మీద నాకితే సబ్బు పెట్టి పారే నీళ్లలో పావుగంట కడిగి, కళ్లలోనో నోట్లోనో పడితే మంచినీళ్లతో బాగా కడిగి, టీకా కార్డు తీసుకుని అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితమే.

మీ విషయంలో నాకు మొహం కంటే పాదాల గురించే ఎక్కువ టెన్షన్. వాడు పడుకునేది మీ కాళ్ల దగ్గర. షుగర్ ఉన్నవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కుక్క నిద్రలో వేలు నాకినా, గోరు గీసుకున్నా, పంటితో కొరికినా తెలియదు. పొద్దున చూసేసరికి పుండు. కుక్క నోట్లో ఉండే పాశ్చురెల్లా వంటి బాక్టీరియా చర్మం తెగితే లోపలికి వెళ్లిపోతాయి. పడుకునే ముందు, లేచాక వేళ్ల సందులు, అరికాళ్లు చూసుకోండి. వదులుగా ఉండే నూలు సాక్సులు వేసుకోండి. మీ డాక్టర్‌ను పాదాల స్పర్శ పరీక్ష చేయమనండి. ఎక్కడైనా పగుళ్లు, గాయం ఉంటే అది మానేదాకా వాడు మంచం ఎక్కకూడదు.

అసలు మంచం మీద నుంచి కిందికి దించడమే మేలు. అమెరికాలోని మాయో క్లినిక్ 2017లో 40 మందిని గమనించింది. కుక్క గదిలో ఉంటే నిద్రకు పెద్ద ఇబ్బంది రాలేదు, మంచం మీద ఉన్నప్పుడు మాత్రం నిద్ర కాస్త తగ్గింది. మీ వైపు మంచం పక్కనే, చెయ్యి జార్చితే అందేంత దూరంలో ఒక పరుపు వేయండి. మీ పాత చీరొకటి దాని మీద పరిస్తే వాసనకు వాడు త్వరగా అలవాటుపడతాడు.

డాబా మాత్రం వద్దని మీవారికి నా మాటగా చెప్పండి. మూడేళ్లు మీ కాళ్ల దగ్గర పడుకున్నవాణ్ని ఒక్కసారిగా పైన కట్టేస్తే రాత్రంతా మొరుగుతాడు, గొలుసు లాక్కుని మెడ కోసుకుంటాడు, దోమలు కుడతాయి. మీరేమో కింద వాడి ఏడుపు వింటూ మేలుకునే ఉంటారు. ఆయన సాయం చేయాలనుకుంటే సాయంత్రం నడక బాధ్యత తీసుకోమనండి. రాత్రి మీటర్ ఎలా వాడాలో, పంచదార నీళ్లు ఎప్పుడివ్వాలో ఆయనకూ నేర్పండి. మీకు స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని చెప్పి ఉంచండి.