బ్యాంకు మీద ఫిర్యాదుకు ముంబై దాకా వెళ్లాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో ఇంటి రుణం తీసుకున్నాను. పొదుపు ఖాతా కూడా అక్కడే ఉంది. తర్వాత ఊరికి వచ్చేశాను. 14 నెలల కిందట ప్లాటు అమ్మి, మిగిలిన రూ.16 లక్షల అప్పు ఒకేసారి కట్టాను. గడువుకు ముందే తీర్చానని రెండు శాతం చొప్పున, జీఎస్టీతో కలిపి రూ.37,760 వసూలు చేశారు. అంతకుముందే కనీస నిల్వ లేదంటూ ఏడుసార్లు రూ.590 చొప్పున కోత పెట్టారు. ఇదేమిటని అడిగితే, ‘వివాదాలన్నీ ముంబై కోర్టుల పరిధిలోనే’ అని ఒప్పందంలో ఉంది, చూసుకోండి అన్నారు. తెలిసిన వకీలు హైదరాబాద్‌లో వేయాలంటున్నారు. రూ.41,890 కోసం నేను ఎక్కడెక్కడ తిరగాలి?

జవాబు: నల్లగొండలో వేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. ముంబై మాట మరిచిపోండి, హైదరాబాద్ అవసరం కూడా లేదు.

మీ వకీలు మిత్రుడి మాట ఒకప్పుడు సరైనదే. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం ఎదుటి పక్షం ఉన్నచోట గానీ, వ్యవహారం జరిగినచోట గానీ ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదుదారు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్కలోకి వచ్చేది కాదు. 2019 చట్టం దాన్ని మార్చింది. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, పని చేసుకుని బతికే చోట గానీ ఉన్న జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఊరు మారినవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే మార్పు ఆ చట్టంలో మరొకటి లేదని నా అభిప్రాయం. మీరు దేవరకొండలో ఉంటున్నారు. అదొక్కటి చాలు. ఆ బ్యాంకుకు నల్లగొండలో శాఖ ఉందా లేదా అని వెతకనక్కర్లేదు. శాఖ ఉన్నంత మాత్రాన పరిధి వచ్చేయదని, ఆ చోటుకూ వివాదానికీ సంబంధం ఉండాలని సుప్రీంకోర్టు 2009లో సోనిక్ సర్జికల్ కేసులో చెప్పింది. అందుకని ఫిర్యాదులో ‘బ్యాంకుకు ఇక్కడ శాఖ ఉంది’ అని కాకుండా, ‘నేను ఇక్కడ నివసిస్తున్నాను’ అని రాయండి.

ఇక ఒప్పందంలోని ముంబై వాక్యం. దాన్ని చూసే చాలామంది ఫిర్యాదు ఊసే ఎత్తరు. అది పెట్టడంలోని ప్రయోజనం సగం అదేనని నా అనుమానం. వినియోగదారుల చట్టం ఇచ్చిన మార్గం ఇతర చట్టాలు ఇచ్చే మార్గాలకు అదనమని 100వ సెక్షన్ చెబుతోంది. వివాదాన్ని కోర్టు కాకుండా మధ్యవర్తి తేల్చాలన్న నిబంధన ఒప్పందంలో ఉన్నా వినియోగదారుడు కమిషన్‌కు వెళ్లవచ్చని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం మీ ఇంటి దగ్గరి కమిషన్‌కు ఇచ్చిన అధికారాన్ని బ్యాంకు అచ్చు వేయించిన కాగితం లాగేసుకోలేదు.

సరే, ఇది వినియోగదారుల కమిషన్ సంగతి, సివిల్ కోర్టులో దావా వేస్తే ఆ ముంబై వాక్యం చెల్లుతుందా? అక్కడ కూడా అనుమానమే. రెండు మూడు కోర్టులకు అధికారం ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఒప్పందం చేసుకునేవాళ్లకు ఉంది. అధికారమే లేని కోర్టుకు మాత్రం ఒప్పందంతో అధికారం కట్టబెట్టలేరు. పటేల్ రోడ్‌వేస్ కేసు (1991) చూడండి. తమిళనాడులోని బోడినాయకనూరులో ఒక ఏలకుల వ్యాపారి ఢిల్లీకి సరుకు బుక్ చేశారు. ఢిల్లీ గోదాములో అగ్నిప్రమాదం జరిగి సరుకు పాడైంది. రవాణా సంస్థ ప్రధాన కార్యాలయం బొంబాయిలో ఉంది, వివాదాలు బొంబాయి కోర్టులోనే అన్న షరతు కూడా ఉంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సంస్థకు వ్యవహారం జరిగినచోట శాఖ ఉన్నప్పుడు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ వివరణ ప్రకారం ఆ శాఖ ఉన్న ఊరినే చూడాలి, ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిని కాదు అంది. మీ అప్పు మంజూరైంది, తీరింది దిల్‌సుఖ్‌నగర్ శాఖలో. కాబట్టి సివిల్ దావా వేయాలంటే హైదరాబాదే. మీ మిత్రుడు చెప్పింది దావాకైతే సరిపోతుంది. కానీ ఈ మొత్తానికి కోర్టు ఫీజు కట్టి, వాయిదాలకు హైదరాబాద్ తిరగమని నేను సలహా ఇవ్వను.

కమిషన్‌లో ఖర్చు స్వల్పం. సేవకు చెల్లించిన సొమ్ము (ప్రతిఫలం) రూ.5 లక్షల లోపైతే రుసుమే లేదు. మీ ప్రతిఫలం ఎంతో ఎలా లెక్కగట్టినా రూ.50 లక్షలు దాటదు కాబట్టి జిల్లా కమిషనే, రుసుము కూడా వెయ్యి రూపాయలకు మించదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో వేయవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వెళ్లాల్సి వచ్చినా పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే దూరమే. మీరు గెలిచి, బ్యాంకు హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళితే మాత్రం అటు వెళ్లక తప్పదు. అయితే అప్పీలు వేయాలంటే జిల్లా కమిషన్ కట్టమన్న దాంట్లో సగం బ్యాంకు ముందు జమ చేయాలి.

అంతకంటే ముందు మరో గుమ్మం ఉంది. బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పథకం. ఏ ఊరివాళ్లయినా ఒకే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, పరిధి గొడవే లేదు, రుసుము లేదు. పైగా అక్కడ వకీలు ద్వారా వచ్చే ఫిర్యాదు తీసుకోరు, మీరే రాయాలి (మా వృత్తికి నష్టమే, అయినా చెప్పాలి కదా). కానీ ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లాలి. మీరు కౌంటరు దగ్గర నోటితో అడిగింది లెక్కలోకి రాదు. ఇవాళే ఈమెయిల్ పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. వరుస తప్పొద్దు. కమిషన్‌లో కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ అదే ఫిర్యాదు తీసుకోరు. అక్కడ తేలకపోతే కమిషన్‌కు రావచ్చు గానీ, సగం డబ్బు ఇచ్చి ‘పూర్తి, తుది పరిష్కారం’ అనే కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి.

డబ్బు తిరిగి రావడానికి మీకున్న బలమేమిటో కూడా చూద్దాం. రుణ మంజూరు పత్రం తీసి వడ్డీ దగ్గర ‘ఫ్లోటింగ్’ (మారుతూ ఉండే వడ్డీ) అని గానీ, రెపో రేటుతో ముడిపెట్టినట్లు గానీ ఉందేమో చూడండి. అలా ఉంటే, వ్యక్తులు ఫ్లోటింగ్ రేటుకు తీసుకున్న ఇంటి రుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. వడ్డీ స్థిరమైనదైతే ఆ ఆదేశం మీకు వర్తించదు.

కనీస నిల్వ కోతల విషయంలో మీరు పంపిన స్టేట్‌మెంటులో ఒక వరుస నా కంట పడింది. ఖాతాలో ఉన్నది రూ.212. దాని మీద రూ.500 జరిమానా, రూ.90 జీఎస్టీ. నిల్వ మైనస్ రూ.378. ఇలా కేవలం జరిమానా వల్ల ఖాతాను మైనస్‌లోకి నెట్టకూడదని 2014 నవంబరు సర్క్యులర్‌లో రిజర్వు బ్యాంకు స్పష్టంగా రాసింది. నిల్వ తగ్గిందని ముందు కబురు పెట్టి, నెల రోజుల్లో సరిచేసుకోకపోతేనే జరిమానా వేయాలని, తగ్గిన మొత్తాన్ని బట్టే అది ఉండాలని కూడా అందులో ఉంది. ఏడుసార్లూ ఒకే రూ.590 ఎలా వచ్చిందో బ్యాంకును చెప్పనివ్వండి. ఆ కబురు మీకు చేరినట్లు ఆధారం చూపమని కూడా అడగండి.

తొందరపడాల్సింది మాత్రం గడువు విషయంలో. కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లాలి. రుసుము వసూలై 14 నెలలైంది కాబట్టి దానికి ఇంకా పది నెలలుంది. కానీ నిల్వ కోతల్లో మొదటి రెండింటికి ఇప్పటికే రెండేళ్లు దాటాయి. తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టాలి, ఒప్పుకోవడం కమిషన్ ఇష్టం. ఒప్పుకోకపోతే పోయేది రూ.1,180. నోటీసు ఇచ్చాం కదా, బ్యాంకుకు ఉత్తరాలు రాస్తున్నాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఉత్తర ప్రత్యుత్తరాలతో గడువు ఆగదు. అంబుడ్స్‌మన్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఈ పది నెలలూ గడిపేయకండి.

ఇదే ప్రశ్న మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని తన మిల్లు రుణం గురించి అడిగి ఉంటే జవాబు వేరుగా ఉండేది. లాభం కోసం చేసే వ్యాపారానికి తీసుకున్న రుణం విషయంలో ఆయన వినియోగదారుడు కాడని బ్యాంకు వాదిస్తుంది. 2022లో ఒక షేర్ బ్రోకరు ఓవర్‌డ్రాఫ్ట్ కేసులో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. మీది ఇంటి రుణం గనుక ఆ చిక్కు లేదు.

చివరగా చిరునామా. బ్యాంకు రికార్డుల్లో మీ చిరునామా ఇంకా హైదరాబాద్‌దే ఉందేమో చూసుకోండి. ఉంటే, ‘ఈయన నల్లగొండ వాసి కాదు’ అన్నదే మీ ఫిర్యాదుకు బ్యాంకు వేసే రాతపూర్వక జవాబులో మొదటి పేరా అవుతుంది. ఫిర్యాదుకు దేవరకొండ చిరునామాతో ఉన్న ఆధార్, ఓటరు కార్డు, కరెంటు బిల్లు జత చేయండి. దిల్‌సుఖ్‌నగర్ శాఖను, ముంబైలోని ప్రధాన కార్యాలయాన్ని రెంటినీ ప్రతివాదులుగా చూపండి. మేనేజర్‌ను పేరు పెట్టి లాగకండి. ఆయన రేపు బదిలీ అయితే సమన్లు ఆయన వెంట తిరుగుతాయి.