బ్రాంచి పేరు కోసం పొలం అమ్మకండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల సాగు చేస్తాం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పూర్తి చేసింది కానీ ఈఏపీసెట్‌లో ర్యాంకు బాగా వెనక్కి పోయింది. డేటా సైన్సే చదువుతానని పట్టుబడుతోంది. వేరే నగరంలోని ఒక ప్రైవేటు కాలేజీవారు మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ సీఎస్ఈ డేటా సైన్స్ సీటు ఇస్తామంటున్నారు. అందుకు ఎకరం పొలం అమ్మాలి. నెల్లూరులో డిగ్రీలో చేర్పిస్తే సరిపోతుందా? ఏఐ వచ్చాక ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: పొలం అమ్మకండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. నాలుగేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు అంతా మీ మీదే పడుతుంది. ధర ఎప్పుడు పడుతుందో, ఏ గుంటలో ఎప్పుడు తెల్లమచ్చ వ్యాధి కనిపిస్తుందో తెలియని సాగు మీది. ఇంటికి మిగిలిన ఆ ఒక్క భరోసాను బ్రాంచి పేరు కోసం పోగొట్టుకోవడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. బీటెక్ మొదటి ఏడాదిలో మామూలు సీఎస్ఈ వారికీ డేటా సైన్స్ వారికీ పాఠాలు దాదాపు ఒకటే. ఆ తరువాత కూడా తేడా కొన్ని సబ్జెక్టుల్లోనే ఉంటుంది. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో దగ్గరలోని మంచి కాలేజీలో ఏ కంప్యూటర్ బ్రాంచి వచ్చినా ఆలోచించండి. రాకపోతే డిగ్రీ ఏ రకంగానూ చిన్న చదువు కాదు.

అసలు ఈ చదువులో ఏముందో మీ గుంట గట్టు మీదనే చెప్పవచ్చు. రోజూ వేసిన మేత, చెక్ ట్రేలో మిగిలినది, నీటి ఉప్పదనం, కరిగిన ఆక్సిజన్, పట్టుబడి నాటి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో), ఇవన్నీ మీరు పుస్తకంలో రాసుకుంటూనే ఉంటారు. పోయిన పంట బాగా వచ్చింది. అది మేత మార్చినందువల్లనా, రొయ్య పిల్లను పలుచగా వదిలినందువల్లనా, వాతావరణం కలిసి రావడం వల్లనా? మూడూ ఒకేసారి మారినప్పుడు దేని వాటా ఎంతో తేల్చాలి. అలా తేల్చడానికి ఎన్ని గుంటల లెక్కలు కావాలో, ఆ లెక్కల్లో ఏవి నమ్మదగినవో, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మవచ్చో చెప్పగలగడమే డేటా సైన్స్. కంప్యూటర్ అందుకు పనిముట్టు, పునాది మాత్రం గణితం, స్టాటిస్టిక్స్.

అందుకే అమ్మాయిని ముందుగా ఒక విషయం అడగండి. ఇంటర్ రెండో ఏడాది గణితంలో ప్రాబబిలిటీ, రాండమ్ వేరియబుల్స్ పాఠాలు చేసింది కదా. వాటిని బట్టీపట్టి గట్టెక్కిందా, లెక్క ఎందుకు అలా వస్తుందో తెలుసుకుంటూ చేసిందా? ఆ పాఠాలంటే ఇష్టమైతే మీరు నిశ్చింతగా ఉండవచ్చు. వాటిని చూస్తే భయమైతే, కోడింగ్ మీద ఎంత మోజున్నా ఈ కోర్సు రెండో ఏడాదికి భారమవుతుంది. అలాంటి పిల్లలకు బీసీఏ వంటివి మేలు.

ఇష్టమే అంటే, డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల (ఓఏఎండీసీ) కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరుతో పాటు సిలబస్ కూడా చూడండి. డేటా సైన్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు)గా దొరికితే సరే, స్టాటిస్టిక్స్ మేజర్‌గా, కంప్యూటర్ సైన్స్ మైనర్ (అనుబంధ సబ్జెక్టు)గా దొరికితే నేను ఇంకా సంతోషిస్తాను. పేరు కొత్తగా వినిపించదని పిల్లలు దీన్ని వదిలేస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. ఈ శాస్త్రంలో ప్రపంచం గుర్తించిన సి.ఆర్. రావు గారి బడి చదువులో కొంత మన గూడూరులోనే సాగింది. 1945లో ఆయన రాసిన పత్రంలోని ఫలితాలను ఇవాళ్టికీ ప్రతి స్టాటిస్టిక్స్ విద్యార్థీ చదువుతాడు. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ పురస్కారం దక్కింది.

డిగ్రీతో పాటు ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ కోర్సు కూడా చేయవచ్చు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లోనే అనుమతించింది. దీనికి జేఈఈ ర్యాంకు అక్కరలేదు. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, అర్హత పరీక్ష రాయాలి. అందులో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటేషనల్ థింకింగ్, ఇంగ్లిష్ ఉంటాయి. పాఠాలు ఇంట్లో కూర్చుని వినవచ్చు, ప్రధాన పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. ఫీజు కోర్సుల వారీగా కట్టుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు రాయితీ ఉంది. మధ్యలో ఆగిపోయినా పూర్తి చేసిన స్థాయిని బట్టి సర్టిఫికెట్ లేదా డిప్లొమా చేతికొస్తుంది. అయితే ఇది సులువైన చదువు కాదు. మొదటి ఏడాది కాలేజీ పాఠాలతో కలిపి మోయలేకపోతే ఒక టర్మ్‌లో తక్కువ కోర్సులు తీసుకోనివ్వండి, వెనకబడ్డావని ఎవరూ అనవద్దు. ఆ పాఠాల వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. దరఖాస్తుకు ముందే కొన్ని విననివ్వండి, ఈ చదువు తనకు నప్పుతుందో లేదో అమ్మాయికే తెలిసిపోతుంది.

ఉద్యోగాల సంగతి. డిగ్రీ కాగానే డేటా సైంటిస్ట్ అన్న హోదా చాలా కొద్దిమందికే దక్కుతుంది. ఎక్కువమంది డేటా అనలిస్ట్‌గా మొదలుపెడతారు. అక్కడ ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పైథాన్ చేతికి అలవాటై ఉండాలి. కోడ్ రాసే శ్రమను ఏఐ చాలావరకు తగ్గించింది, నిజమే. అది ఇచ్చిన జవాబు సరైనదో కాదో పట్టుకోవడానికి మాత్రం స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషి కావాలి. డిగ్రీ తరువాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఉంది, ఎంసీఏకు ఐసెట్ ఉంది. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌లో డేటా సైన్స్, ఏఐకి 2024 నుంచి ప్రత్యేక పేపరే పెట్టారు. డిగ్రీలో మూడేళ్లకు బయటికి రావచ్చు, నాలుగో ఏడాది చదివితే ఆనర్స్ వస్తుంది. ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కరలేదు.

ఏ కాలేజీకి వెళ్లినా స్టాటిస్టిక్స్ చెప్పే అధ్యాపకులు ఎవరు, వారు ఏం చదివారు, ల్యాబు వారానికి ఎన్ని గంటలు అని అడగండి. మూడో ఏడాది పిల్లలతో అమ్మాయిని విడిగా మాట్లాడనివ్వండి. ఆ ప్రైవేటు కాలేజీవారు సీటు అయిపోతుందని తొందరపెట్టినా, మీరు తేల్చుకునేవరకు అడ్వాన్సు కట్టకండి, టీసీ, మార్కుల జాబితా ఒరిజినల్స్ వారి చేతికి ఇవ్వకండి.