పాత్రలోని ధర్మసంకటాన్ని నమ్మదగినట్లు ఎలా రాయాలి?

ధర్మసంకటం పాఠకుడికి నిజమనిపించాలంటే, దాన్ని మంచికీ చెడుకీ మధ్య పోటీగా కాక, రెండు న్యాయమైన బాధ్యతల మధ్య ఇరుకుగా కల్పించాలి. ఒక వైపు స్పష్టంగా తప్పయితే అక్కడ ఉండేది ప్రలోభమే గాని సంకటం కాదు.

మహాభారత ఉద్యోగపర్వంలోని కర్ణుణ్ణి చూడండి. అతడు కుంతి పెద్దకొడుకని బయటపెట్టి, పాండవుల వైపు వస్తే రాజ్యం అతడిదేనని కృష్ణుడు చెప్పినప్పుడు, పెంచిన రాధాధిరథుల మీది మమకారాన్నీ, దుర్యోధనుడి ఆదరణతో గడిచిన ఏళ్లనూ కాదనలేక కర్ణుడు నిరాకరిస్తాడు. పైగా ఈ సంగతి ధర్మరాజుకు తెలియనివ్వవద్దని కోరతాడు: తెలిస్తే ధర్మరాజు రాజ్యాన్ని తనకే ఇస్తాడు, తాను దాన్ని దుర్యోధనుడికి అప్పగించక తప్పదు. ఎవరు రాజ్యార్హులని అతడు నమ్ముతున్నాడో, ఎవరి పక్షాన పోరాడబోతున్నాడో ఆ ఒక్క కోరికలోనే తెలిసిపోతుంది. పాత్ర ఎంతగా నలిగిపోతోందో చెప్పే పేజీల కొద్దీ స్వగతం (మన నవలల్లో ఇది కాస్త ఎక్కువే) ఇంత పని చేయలేదు.

ఆ నిర్ణయానికి మూల్యాన్ని కూడా కథలోనే చెల్లించనివ్వాలి. అర్జునుణ్ణి తప్ప తక్కినవారిని చంపనని కుంతికి ఇచ్చిన మాట వల్ల, యుద్ధంలో చేతికి చిక్కిన భీముణ్ణి కర్ణుడు ప్రాణాలతో వదిలేస్తాడు.