పుస్తకాలు తీసేయబోతున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. అరలు నిండి, మంచం కింద అట్టపెట్టెలు నిండి, చివరికి రాసుకునే బల్ల మీదికి కూడా పుస్తకాలు వచ్చేశాయనీ, ఒళ్ళో ప్యాడ్ పెట్టుకుని రాస్తున్నాననీ అన్నావు. తగ్గిద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి తెరిచి చదువుతూ ఉండిపోతున్నావట. ఏది ఉంచుకోవాలి, ఏది పంపించేయాలి అని సూటిగా అడిగావు కనక నేనూ సూటిగానే చెబుతాను.

మామూలుగా అందరూ గొప్ప పుస్తకాలని పేరుపడ్డవి ఉంచుకుని, చిన్నాచితకా వాటిని తీసేస్తారు. నువ్వు రాసేవాడివి. నువ్వు దీనికి ఎదురు పోవాలి. ఏ లైబ్రరీకి వెళ్ళినా కనిపించేవి, మళ్ళీ మళ్ళీ అచ్చవుతున్నవి, నోరు తెరిచి అడిగితే ఏ స్నేహితుడి ఇంట్లోనైనా దొరికేవి దిగులు లేకుండా పంపించు. ఒక్కసారే అచ్చయి ఆగిపోయినవి, ఎవరూ దాచిపెట్టనివి, పేరు చెప్పినా ఎవరికీ గుర్తురానివి నీ దగ్గర ఉండనీ. పుస్తకం ఎంత గొప్పదో తర్వాత చూసుకుందువుగానీ, ముందు ఒక్కటే అడుగు: ఇది గడప దాటితే మళ్ళీ నా చేతికి వస్తుందా?

నా ముందు ఇప్పుడొక కవితల పుస్తకం ఉంది. మొత్తం 32 పేజీలు, మధ్యలో రెండు పిన్నులు కొట్టారు. పిన్నులు తుప్పుపట్టి, ఆ తుప్పు పక్క పేజీల్లోకి గోధుమరంగు మరకగా దిగింది. ప్రచురణకర్తగా కవి పేరే ఉంది, డబ్బు ఆయనే పెట్టుకుని ఉంటాడు. లోపల ఒక పాదంలో అచ్చుతప్పు పడితే నీలం సిరాతో చేత్తో దిద్దాడు. నా ఒక్క ప్రతిలోనే దిద్ది ఊరుకుని ఉండడు. అచ్చయి వచ్చిన కట్టలన్నీ ముందేసుకుని, ఒక్కో పుస్తకం తెరిచి, అదే అక్షరాన్ని దిద్దుకుంటూ పోయి ఉంటాడు. కవితలు అంత గొప్పవేం కావు. రెండు మాత్రం నిజంగా బాగుంటాయి. కానీ ఆ రోజుల్లో ఆ వయసు మనిషి ప్రేమను ఏ మాటలతో చెప్పుకున్నాడో, ఏ మాట వాడటానికి సిగ్గుపడ్డాడో, ఎవరిలా రాయాలని తపించాడో ఇందులో తెలిసినంతగా మహాకవుల సంపుటాల్లో తెలియదు. మహాకవి తన కాలాన్ని దాటి వచ్చేస్తాడు. ఈయన తన కాలంలోనే ఉండిపోయాడు. ఆ కాలం మీద కథ రాయాలని కూర్చున్నప్పుడు నాకు ఈయనే కావాలి.

చేజారిన పుస్తకం మళ్ళీ దొరకడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌లో కాపిటల్ భవనాన్ని తగలబెట్టినప్పుడు, అందులో ఉన్న అమెరికా చట్టసభ, అంటే కాంగ్రెస్, లైబ్రరీ కాలిపోయింది. మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన సొంత పుస్తకాలు ఇస్తానని ముందుకొచ్చాడు. 1815లో కాంగ్రెస్ ఆ 6,487 సంపుటాలనూ 23,950 డాలర్లకు కొన్నది. 1851లో మళ్ళీ మంటలు లేచి వాటిలో సుమారు మూడింట రెండు వంతులు పోయాయి. ఆ సేకరణను తిరిగి నిలబెట్టాలని లైబ్రరీవాళ్ళు ఈమధ్యకాలంలో పూనుకుని, కాలిపోయిన పుస్తకాలకు సరిగ్గా అవే ముద్రణల ప్రతులు వెతికించారు. చాలావరకు దొరికాయి. కొన్ని మాత్రం ఎంత వెతికించినా రాలేదు. అంత పెద్ద సంస్థకే అలా ఉంటే, నువ్వు ఈ ఆదివారం తూకానికి వేసేసిన పలచటి పుస్తకం కోసం పదేళ్ళ తర్వాత ఎక్కడని తిరుగుతావు?

దొరికేదేదో, దొరకనిదేదో తేల్చుకోవడానికి టైటిల్ పేజీ వెనక్కి తిప్పు. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం అన్నది అక్కడ ఉంటుంది. కొన్నింటిలో ఎన్ని ప్రతులు వేశారో కూడా రాస్తారు. పదో ముద్రణ అని కనిపిస్తే ఇక దాని గురించి బెంగ అక్కర్లేదు. ఒక్కో పుస్తకానికీ గుర్తుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య లేకపోతే కాస్త ఆగు. ఆ సంఖ్య అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది 1970లో. అంతకుముందు అచ్చయి మళ్ళీ వెలుగు చూడనివాటికి అది ఉండదు. ఆ తర్వాత కూడా సొంతంగా అచ్చేసుకున్నవాళ్ళు చాలామంది తీసుకోలేదు. తర్వాత వరల్డ్‌క్యాట్‌లో పేరు కొట్టి చూడు. ఎన్నో దేశాల లైబ్రరీల కేటలాగులు అందులో ఒక్కచోట కనిపిస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ వెతుకు. స్కాన్ ఉందని సంబరపడి వెంటనే తీసేయకు, మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పి చూడు. పేజీలు ఎగిరిపోయినవి, అంచున అక్షరాలు తెగిపోయినవి, స్కాన్ చేసినవాళ్ళ బొటనవేలు అడ్డొచ్చినవి బోలెడు ఉంటాయి.

తీసేయడమే తప్పేమో అన్న భయం నీ ఉత్తరం నిండా ఉంది. పుస్తకాలనే నమ్ముకుని బతికే లైబ్రరీలు ఈ పనిని ఒక పద్ధతి ప్రకారం, ఆగకుండా చేస్తాయి. 1976లో టెక్సస్‌లో చిన్న లైబ్రరీల కోసం పుట్టిన క్రూ అనే పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. చదివినవాళ్ళను తప్పుదోవ పట్టించేది, చిరిగి పాడైపోయింది, దాని స్థానంలో కొత్తది వచ్చేసింది, పసలేనిది, అక్కడి పాఠకులకు అక్కరకు రానిది, మరోచోట తేలిగ్గా దొరికేది... ఒక పుస్తకం అరలోంచి దిగడానికి వాళ్ళు చూసే కారణాలు ఇవి. చివరిది నేను చెప్పిందే. మొదటిది మాత్రం గట్టిగా పట్టించుకో. మారిపోయిన చట్టాల మీద గైడ్లు, ఎప్పటివో కంప్యూటరు పాఠాలు, కాలం చెల్లిన వైద్య సలహాలు ఎవరికీ ఉచితంగా కూడా ఇవ్వకు. వాటిని నమ్మి ఒకరు నష్టపోతారు. నేరుగా పాత కాగితాల్లో కలిపేయ్. ఆ కాలం మీద నవల రాస్తుంటే తప్ప.

నిఘంటువుల జోలికి మాత్రం పోవద్దు. కొత్త కూర్పు వచ్చింది కదా అని పాతది తీసేస్తారు చాలామంది. కొత్తదాంట్లో చోటు కోసం వాడుక తప్పిన మాటల్ని తప్పిస్తుంటారు. నీ కథలో ముసలాయన నోట రావలసిన మాట ఆ తప్పించినవాటిలోనే ఉండొచ్చు. వృత్తి పదకోశాలు, సామెతల సంకలనాలు కూడా అంతే. నేను వీటిని వరసగా చదవను. ఏదో మాట కోసం తెరిచి, దాని పక్కన ఉన్న మాట పట్టుకుని బయటికి వస్తాను. తెర మీద వెతుక్కుంటే ఆ పక్కమాట తగలదు.

పేరున్న పుస్తకాల్లోనూ కొన్నింటిని ఉంచుకోవాలి. నువ్వు అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న ప్రతిని ఎవరికీ ఇవ్వకు. ఇరవై ఏళ్ళప్పుడు ఏ వాక్యం కింద గీత గీశావో నలభై ఏళ్ళప్పుడు చూసుకుంటే నీ చదువు ఎటునుంచి ఎటు వచ్చిందో తెలుస్తుంది. ఆ సంగతి నీకు ఇంకెవరూ చెప్పలేరు. అలాగే రాత మొరాయించినప్పుడు చేతిలోకి తీసుకునే పుస్తకాలు ప్రతి రచయితకూ కొన్ని ఉంటాయి. ఒక సంభాషణను ఎక్కడ తుంచారో, ఒక మనిషిని గదిలోకి ఎలా తెచ్చారో చూసుకుని మూసేస్తాం. అవి చేయి చాపితే అందేటంత దూరంలో పెట్టుకో.

ఒక రచన కోసం పోగేసిన పుస్తకాల సంగతి వేరు. పని అయిపోయాక అవి వెళ్ళిపోవచ్చు. కానీ ఆఖరి వాక్యం రాశావు కదా అని మర్నాడే పంపించకు. పుస్తకం అచ్చయ్యాక, ఫలానా పేజీలో ఫలానా సంవత్సరం తప్పని పాఠకులు రాస్తారు. వాళ్ళ మాట నిజమో కాదో చూసుకోవడానికి ఆ ఆధారాలు నీ దగ్గర ఉండాలి. మలి ముద్రణలో దిద్దుకున్నాక పంపించు.

అన్నిటికన్నా కష్టమైనవి, ఎప్పటికైనా చదవాలని కొన్నవి. నీ అట్టపెట్టెల్లో సగం అవే అయి ఉంటాయి. తత్త్వశాస్త్రం నేర్చుకుందామనుకున్న ఏడాది కొన్నవి, మరో భాష మొదలుపెట్టి వదిలేసిన రోజుల నాటివి, ఎవరో పెద్దాయన సభలో మెచ్చుకుంటే వెంటనే తెప్పించినవి. ఒక్కో పుస్తకం వెనక నువ్వు అవుదామనుకున్న ఒక మనిషి ఉన్నాడు, అందుకే చెయ్యి రాదు. వీటిని ఒకటొకటిగా తీసి, నిలబడే ఏదో ఒక పేజీ చదువు. ఇంకో పేజీ తిప్పాలనిపిస్తే ఉంచు. చదవాలి అన్న బాధ్యత తప్ప ఇంకేమీ కలగకపోతే, దాన్ని ఆశగా చదివేవాళ్ళు ఎక్కడో ఉన్నారు, వాళ్ళకు పోనీ. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే అన్నారు, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని. నీ మంచం కింద పెట్టెలో ఉన్నంతకాలం ఆ పాఠకుడికి అది అందదు.

తోటి రచయితలు సంతకం చేసి ఇచ్చినవి నీకు ఇప్పటికే కొన్ని వచ్చి ఉంటాయి, ముందుముందు కుప్పలుగా వస్తాయి. అన్నీ ఉంచుకోవడం ఎవరివల్లా కాదు. కానీ సంతకం ఉన్న పేజీ చింపి అమ్మకు. అది పుస్తకానికీ అవమానమే, ఇచ్చిన మనిషికీ అవమానమే. ఆ రచయిత రాతలంటే ఇష్టమున్న ఒకరిని వెతికి, చేతికి ఇవ్వు. అలాంటివాళ్ళు దొరికేదాకా ఉంచు.

లైబ్రరీకి ఇవ్వాలనుకుంటే ముందు జాబితా రాసి పంపు, కావలసినవి వాళ్ళనే ఎంచుకోమను. చెప్పాపెట్టకుండా పెట్టెలు గుమ్మంలో దింపి రావడం దానం అనిపించుకోదు, నీ బరువు ఇంకొకరి నెత్తిన పెట్టడమే. బూజు పట్టినవాటిని, పురుగు తిన్నవాటిని అసలే ఇవ్వకు. ఒక్క పుస్తకంతో వెళ్ళిన బూజు అర మొత్తానికి పాకుతుంది. పంపే ముందు ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని తలకిందులుగా దులుపు. ఉత్తరాలు, ఫోటోలు, నువ్వు ఎప్పుడో రాసి మరిచిపోయిన కవిత కాగితాలు రాలతాయి.

ఇక ఉంచుకున్న చిన్న పుస్తకాల గురించి. ఇవి చాలావరకు చవక కాగితం మీద అచ్చయినవి. 19వ శతాబ్దం మధ్య నుంచి కాగితాన్ని కర్రగుజ్జుతో, పటికా, రోజనమనే చెట్టు జిగురూ కలిపి చేయడం పెరిగింది. అందులో పుట్టే ఆమ్లమే కాగితాన్ని లోపలినుంచి తినేస్తుంది. పసుపుపచ్చబడి, మూల మడిస్తే పెళుక్కున విరిగేది అందుకే. ఎండ తగలనివ్వకు, తేమగోడకు ఆనించకు, బిగించి కుక్కకు. బిగించిన వరసలోంచి తీయాలంటే వెన్ను పైకొసను వేలితో లాగుతాం, ముందు చిరిగేది అక్కడే. పక్కనున్న రెండింటినీ కాస్త లోపలికి తోసి, కావలసినదాన్ని నడుం దగ్గర పట్టుకుని తీయి. వీలైనప్పుడు ఒక్కొక్కటీ స్కాన్ చేసి పెట్టుకో. రచయితో వారసులో ఉంటే అడగకుండా నలుగురిలో పెట్టకు. అడిగితే చాలామంది కాదనరు, ఇంకా ఒకరి దగ్గర తమ పుస్తకం ఉందని తెలిసి సంతోషిస్తారు.

మళ్ళీ నిండిపోవా అంటావు. నిండుతాయి. జెఫర్సన్ తన పుస్తకాలు అమ్మేసిన ఏడాదే మరో మాజీ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కు రాసిన ఉత్తరంలో, పుస్తకాలు లేకుండా బతకలేనన్నాడు. మళ్ళీ కొనడం మొదలుపెట్టాడు కూడా. అందుకే ఇల్లంతా ఒకేసారి పెట్టుకోకు. ముందు రాసుకునే బల్ల ఖాళీ చేసుకో, నీకు వెంటనే కావలసింది అదే. తర్వాత వారానికి ఒక అర. అరలో ఉన్నవన్నీ నేల మీదికి దించి, తిరిగి పెట్టేవాటినే చేత్తో ఎత్తు. అరలో ఉండగానే తీసేయవలసినవాటిని ఏరితే ఒక్కటీ బయటికి రాదు. ఎటూ తేలనివాటిని ఒక పెట్టెలో వేసి, పైన తేదీ రాసి, ఏడాది ఆగు.

ఆ పెట్టెలో ఏమేం పడ్డాయో పేర్లు రాసి పంపు. ఏవి మళ్ళీ దొరకవో నాకు తెలిసినంతవరకు చెబుతాను. నేను చదవనివి ఉంటే ఒకసారి ఇటు పంపు, చదివి తిరిగి ఇస్తాను. కథ ఎంతవరకు వచ్చిందో కూడా రాయి.

ఇట్లు,
అక్క