తుఫాను వస్తే కొందరు తలరాత అంటారు, కొందరు గోడ కడతారు. ఈ తేడా ఎందుకు?

1961లో క్లక్‌హోన్, స్ట్రాడ్‌బెక్ అనే అమెరికన్ పరిశోధకులు దీన్ని మూడు ధోరణులుగా విడదీశారు: ప్రకృతికి తలొగ్గడం, దాంతో సర్దుకుని బతకడం, దాన్ని అదుపులో పెట్టడం. మూడోదానికి నెదర్లాండ్స్ మంచి ఉదాహరణ. 1953 వరదల్లో అక్కడ 1,800 మందికి పైగా చనిపోతే, ఇంకోసారి అలా జరగకూడదని దశాబ్దాల పాటు సముద్రానికి అడ్డంగా కట్టలు, గేట్లు కట్టుకుంటూ పోయారు.

మనవాళ్లు మొదటి రకం అని చాలామంది ఇట్టే తేల్చేస్తారు, నాకైతే అది సగమే నిజం. మా వైజాగ్‌లో జాలరిపేట వైపు చూడండి, వేటకి బయల్దేరేముందు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకున్న మనిషే, పడవ నీళ్లలోకి తోసేలోపు ఫోన్‌లో తుఫాను హెచ్చరిక ఉందేమో చూసుకుంటాడు, జీపీఎస్ చార్జింగ్ ఎంతుందో కూడా చూస్తాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అది రెండో రకం (ఇష్టంగా అని చెప్పలేను, ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం టెన్షనే).

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన "రాసిపెట్టుంది, ఎవరాపుతారు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే కత్తి పట్టుకుని రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్టు కొమ్మలు నరుకుతున్నది కూడా ఆయనే.