హాలు మీద సిటవుట్ కారుతోందన్న మేనకోడలికి

అమ్మా, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. హాలు కప్పుకి ఫ్యాను పక్కన చెమ్మ మచ్చ, చుట్టూ పసుపు గీత, ఊడుతున్న పుట్టీ. కింద డ్యాంప్ ప్రూఫ్ పెయింట్ వేస్తే సరిపోతుందని పెయింటర్ అన్నాడన్నావు. వద్దమ్మా. పైనుంచి నీళ్లు దిగుతుండగా కింద మూసేస్తే అవి స్లాబ్ లోపలే నిలుస్తాయి. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. విశాఖ ఉప్పుగాలికి అది ఇంకా తొందరగా జరుగుతుంది. అన్నిటికన్నా ముందు, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ ఫ్యాను వెయ్యకండి. వైర్ల గొట్టంలోకి నీళ్లు దిగి ఉంటే ప్రాణాపాయం.

తరవాత ఒక్క సంగతి తేల్చుకో. మచ్చ వానలకే పెరుగుతోందా, ఎండల్లోనూ తడిగా ఉంటోందా? ఎండల్లోనూ ఉంటే పక్కనున్న బాత్రూమ్ పైపులను అనుమానించు. వానలకే అయితే పైన ఆరుబయట ఉన్న సిటవుట్ సంగతి చూడాలి. అలాగని మచ్చకి సరిగ్గా పైనే చిల్లు ఉంటుందనుకోకు. నీళ్లు టైల్స్ కింద పాకి ఎక్కడో దిగుతాయి. నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా రెయిలింగ్ కాళ్ల దగ్గరో, నీళ్లు పోయే గొట్టం మూతి దగ్గరో, తలుపు గడప కిందో దారి దొరికింది.

పాత టైల్స్ మీదే కొత్తవి వేస్తామంటారు, ఒప్పుకోకు. కాకినాడలో మా మేడ మీద నేను అలాగే ఒప్పుకున్నాను. రెండో వర్షాకాలానికే మళ్లీ కారింది, డబ్బంతా పోయింది. టైల్ నీళ్లు ఆపినా మధ్యలో సందులు ఆపవు. పైగా వంద చదరపు అడుగుల మీద అంగుళం మందాన సిమెంటు గచ్చు వేస్తే దాదాపు అర టన్ను బరువు. కాబట్టి టైల్స్, కింది గచ్చు తీయించి స్లాబ్ కనపడేలా చెయ్యి. తుప్పు పట్టిన చువ్వలు బయటపడితే ఇంజనీర్‌కి చూపించాకే మిగతా పని.

ఇక వాటం. డబ్బు ఎక్కడ తగ్గించినా ఇక్కడ తగ్గించకు. పది అడుగులకు కనీసం అంగుళంన్నర వాలు, తలుపు నుంచి బయటకు పోయేలా ఉండాలి. దాన్ని, నీళ్లు దిగకుండా స్లాబ్ మీద వేసే పూత కిందే సిమెంటు గచ్చుతో తీయించు. టైల్స్ వేసేటప్పుడు సర్దుకుందాం అంటే పూత మీద నీళ్లు నిలిచిపోతాయి. గొట్టం నాలుగు అంగుళాలది పెట్టించు. ఒక్క ఆకు అడ్డం పడినా నీళ్లు ఆగిపోతాయి కాబట్టి పిట్టగోడలో, గడప కన్నా కిందుగా, ఇంకో తూము ఉంచు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినరోజు విశాఖలో మీ అత్తయ్యా నేనూ తలుపు కింద తువ్వాళ్లు కుక్కుతూ కూర్చున్నాం. గడప ఎత్తుగా ఎందుకుండాలో ఆ పూట నాకు బాగా అర్థమైంది.

పిట్టగోడ, నేల కలిసే మూల పదునుగా ఉంటే పూత అక్కడే చిట్లుతుంది. మూలంతా సిమెంటుతో గుండ్రంగా తిప్పించి, పైన ఫైబర్ జాలీ అతికించమను. పూతకి పొడి సంచి, పాలలాంటి పాలిమర్ డబ్బా కలిపేది చాలు. మేస్త్రీ పల్చగా సాగుతుందని నీళ్లు కలుపుతాడు, దగ్గరుండి చూడు. నేలని ముందు తడపాలి, కానీ నీళ్లు నిలిచి ఉండకూడదు. పూత రెండుసార్లు వెయ్యాలి, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. గోడ మీదికి అడుగు ఎత్తు వెళ్లాలి, గడప కిందకీ పోవాలి. మండుటెండలో వేస్తే పూత ఆరిపోయి పగులుతుంది, అందుకే పొద్దున్నే పని మొదలుపెట్టమను. సంక్రాంతి వెళ్లాక, మే రాకముందు ఈ పని పెట్టుకో.

పూత ఆరాక గొట్టం మూసి, రెండు అంగుళాల నీళ్లు కట్టి రెండు రోజులు ఉంచు. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, కింద హాల్లో టార్చి వేసి చూడు. కాంట్రాక్టర్‌కి చివరి డబ్బు ఈ పరీక్ష అయ్యాకే ఇవ్వాలని కాగితం మీద ముందే రాయించు. మొహమాటపడకు.

తరవాత పూత మీద రక్షణగా పల్చని గచ్చు, దానిపైన సందు వదిలి టైల్స్. టైల్, గోడ కలిసే చోట టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ కాదు, సాగే సీలెంట్ పెట్టించు. రెయిలింగ్ కాళ్లు మాత్రం నేలలోకి బోల్టులు దింపి బిగించనివ్వకు. పిట్టగోడకి గానీ స్లాబ్ బయటి అంచుకి గానీ బిగించమను. పూతకి అంత ఖర్చుపెట్టి, చివర్లో డ్రిల్లుతో నాలుగు చిల్లులు వేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నీళ్లు కట్టే రోజు ముందుగా ఫోన్ చెయ్యి. పొద్దున బండికి బయలుదేరి వస్తాను, రెండు రోజులూ మీ ఇంట్లోనే ఉంటాను.

మీ మావయ్య