మూడు మందులతో పోని హెచ్. పైలోరి రెండు మందులతో పోతుందా?

14 రోజుల కిట్ పూర్తిగా వాడినా మీ అమ్మగారికి హెచ్. పైలోరి (కడుపులో చేరే ఒక బ్యాక్టీరియా) మళ్లీ పాజిటివ్ వచ్చిందని, ఈసారి డాక్టర్ రెండే మందులు రాశారని, నమ్మకం కుదరడం లేదని రాశారు. నేనూ మా డాక్టరుగారిని ఇదే అడిగాను. నాకది మూడో కోర్సు.

మొదటి కిట్‌లో క్లారిత్రోమైసిన్, అమోక్సిసిలిన్, ఎసిడిటీ మాత్ర ఉండేవి. ఒక్క పూట కూడా మానలేదు, అయినా పోలేదు. రెండోసారి బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, వాటితోపాటు ఎసిడిటీ మాత్ర. అన్నీ కలిపి రోజుకు 13. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరించినట్టుండేది, అన్నం ముందు కూర్చుంటే వికారం. మలం నల్లగా వస్తే లోపల రక్తం పోతోందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. బిస్మత్‌తో అలా అవుతుందని నాకెవరూ చెప్పలేదు. ఆరో రోజు ఎవరినీ అడగకుండా ఆపేశాను. అలా చేయకుండా ఉండాల్సింది.

మూడోసారి వోనోప్రజాన్ 20 మిల్లీగ్రాములు రెండు పూటలా, అమోక్సిసిలిన్ 1 గ్రాము రోజుకు మూడుసార్లు, 14 రోజులు. అంతే. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మన దేశంలో చాలామందిలో ఈ బ్యాక్టీరియా క్లారిత్రోమైసిన్‌కి, మెట్రోనిడజోల్‌కి లొంగడం లేదు. జ్వరానికీ విరేచనాలకీ మనం ఏళ్ల తరబడి ఇష్టమొచ్చినట్టు వాడిన మందులే కదా ఇవి. అమోక్సిసిలిన్‌కి మాత్రం ఇప్పటికీ చాలావరకు లొంగుతుంది. కానీ ఆ మందు పెరుగుతున్న బ్యాక్టీరియానే చంపగలదు. కడుపులో ఆమ్లం ఎక్కువగా ఉంటే ఇది పెరగకుండా అణిగి కూర్చుంటుంది. ఆమ్లాన్ని రాత్రీ పగలూ గట్టిగా తగ్గిస్తే పెరగడం మొదలుపెడుతుంది, అప్పుడు మందుకి దొరుకుతుంది. వోనోప్రజాన్ చేసే పని అదే.

అలాగని అందరికీ పోతుందని చెప్పను. అమెరికా, యూరప్‌లలో మొదటిసారి చికిత్స తీసుకుంటున్నవాళ్ల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది. క్లారిత్రోమైసిన్‌కి లొంగని రకం ఉన్నవాళ్లలో పాత మూడు మందుల కిట్‌తో నూటికి 32 మందికే నయమైంది. వోనోప్రజాన్, అమోక్సిసిలిన్ జంటతో దాదాపు 70 మందికి. అంటే దీంతో కూడా 30 మందికి పోలేదు.

మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది వేళల మీద. అమోక్సిసిలిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, అందుకే మూడు డోసులు. టిఫిన్, భోజనం, రాత్రి భోజనం లెక్కన వేస్తే రాత్రి పెద్ద ఖాళీ వస్తుంది. నేను ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. ఈసారి వికారం లేదు, కాస్త విరేచనాలు అయ్యాయి, అంతే. మీ అమ్మగారికి వోనోప్రజాన్ కాకుండా రాబెప్రజోల్ లాంటి వేరే ఎసిడిటీ మాత్ర రాసి ఉంటే, అది తిండికి అరగంట ముందు వేయాలి.

మొదటి కిట్ వాడినప్పుడు ఆవిడకి దద్దుర్లు గానీ, మొహం వాపు గానీ వచ్చాయా? వచ్చి ఉంటే మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చెప్పండి. అమోక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి మందే, ఆ జాతి పడనివాళ్లకి ఈ కోర్సు పనికిరాదు.

కోర్సు అయిపోయాక కనీసం 4 వారాలు ఆగి బ్రెత్ టెస్ట్ గానీ, మలం యాంటిజెన్ టెస్ట్ గానీ చేయించండి. దానికి 2 వారాల ముందు నుంచి ఎసిడిటీ మాత్రలు ఆపాలి, లేకపోతే తప్పుడు నెగటివ్ రావచ్చు. ల్యాబ్‌వాళ్లు రక్త పరీక్ష చాలన్నా ఒప్పుకోకండి. బ్యాక్టీరియా పోయిన తర్వాత కూడా రక్తంలో యాంటీబాడీలు చాలాకాలం ఉంటాయి. నాకు నెగటివ్ అని తేలింది బ్రెత్ టెస్ట్‌లోనే.